మన మంద, అడవి జింక: క్షయ ఎవరి నుంచి ఎవరికి?

(సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా ఇబ్రహీంపట్నంలో తాండాల యువతతో చేసిన ప్రసంగం)

 

 తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకు వచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను 'యువత – ఆరోగ్యం' మీద మాట్లాడమన్నారు. ఆ పేరుతో ఏడాదికి నాలుగైదు సభల్లో మాట్లాడుతుంటాను. చేతులు కడుక్కోవాలి, ఐరన్ మాత్రలు వేసుకోవాలి, గుట్కా మానాలి. అవన్నీ మీకు నోటికి వచ్చు. ఇవాళ మాత్రం సేవాలాల్ మహరాజ్ జయంతి. ఆయన మందలు కాసినవాడు. మన తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా లదేణి చేసినవాళ్లు. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది గానీ, గొడ్డు మాత్రం మన వాకిట్లోనే ఉంది. అందుకని ఈసారి మనిషి ఆరోగ్యాన్ని గొడ్డు దగ్గర నుంచి మొదలుపెడతాను. ఒకే ఒక్క జబ్బు గురించి చెబుతాను. పశువుల క్షయ.

నేను పశువైద్యురాలిని కాను. పిల్లలకు పాఠం చెప్పడం నేర్చుకుని, హాస్టల్ నడుపుతున్నదాన్ని. కాబట్టి మందుల మోతాదులు అడగొద్దు. ఈ జబ్బు ఎట్లా నడుస్తుంది, అడవి జంతువులతో దానికి లెక్క ఏమిటి, అందులో మీరు చేయగలిగింది ఏమిటి, అంతవరకే నా పని.

గాలికుంటు వస్తే మీకు తెలిసిపోతుంది. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు, చొంగ. లంపి చర్మవ్యాధి వస్తే ఒళ్లంతా ముద్దలు. గొంతువాపు అయితే పొద్దున మేసిన పశువు రాత్రికి పడిపోతుంది. ఇవన్నీ తలుపు తట్టి వచ్చే జబ్బులు. క్షయ అట్లా రాదు. పశువు మేస్తుంది, ఈనుతుంది, పాలు ఇస్తుంది. లోపల ఊపిరితిత్తుల్లో, గ్రంథుల్లో గడ్డలు కడుతూ ఉంటాయి. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. చివరికి దగ్గు, బక్కచిక్కడం, పాలు తగ్గడం కనబడేసరికి పక్కన కట్టేసిన పశువుకు అంటి ఉంటుంది. దగ్గు తుంపరలతో అంటుతుంది, ఒకే తొట్టిలో కుడితి తాగితే అంటుతుంది, పొదుగుకు పాకితే పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగిన లేగదూడకు వస్తుంది. కాయని పాలు తాగితే మనిషికీ వస్తుంది.

మనుషుల్లో ఎక్కువగా క్షయ తెచ్చే సూక్ష్మజీవి పేరు మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్. 1882 మార్చి 24న జర్మనీలో రాబర్ట్ కోహ్ దాన్ని ప్రపంచానికి చూపించాడు. మనం మార్చి 24న హాస్టళ్లలో క్షయ దినం జరిపేది అందుకే. పశువుల్లో తెచ్చేది దాని చుట్టం, మైకోబాక్టీరియం బోవిస్. మన దేశంలో ఇంకో చుట్టం కూడా ఉంది, మైకోబాక్టీరియం ఒరిగిస్. దానికి ఆ పేరు ఒరిక్స్ అనే జింకజాతి జంతువు వల్ల వచ్చింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన 940 క్షయ నమూనాలను పరిశోధకులు జన్యుపరంగా చూస్తే ఏడింటిలో ఈ ఒరిగిస్ కనిపించింది. ఆ ఫలితం 2020లో అచ్చయింది. తొమ్మిది వందల నలభైలో ఏడు. అంటే భయపడి పాలు మానేయాల్సిన లెక్క కాదు. మనిషి క్షయ చాలావరకు మనిషి నుంచే వస్తుంది. కానీ ఆ ఏడుగురిలో మన ఇంటి మనిషి ఉంటే లెక్క చిన్నదని ఊరుకోము కదా.

ఈ మాట ఎందుకు అంటున్నానంటే, మా హాస్టల్లో ఒక అమ్మాయికి మెడ పక్కన గడ్డలు వచ్చాయి. నొప్పి లేదు, జ్వరం వచ్చి పోతుంది. పాతకాలంలో గండమాల అనేవాళ్లు. సూదితో నీరు తీసి పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడింది, తగ్గింది, పరీక్షలు కూడా రాసింది. మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది, పోషణకు నెలకు ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుంచి ఐదు వందల నుంచి వెయ్యి రూపాయలు చేశారు, ఆ సంగతి మీ తాండాల్లో చెప్పండి. ఆ అమ్మాయి వాళ్ల నాయనమ్మ నన్ను ఒకటే అడిగింది: "మా బర్రె పాల వల్లనా, మేడం?" నేను డాక్టరును అడిగాను. ఆయన చెప్పింది ఏమిటంటే, మామూలుగా చేసే పరీక్ష క్షయ ఉందా లేదా అనే చెబుతుంది, అది మనిషి రకమా పశువు రకమా అని విడదీసి చెప్పదు. పాల వల్ల వచ్చే క్షయ తరచుగా మెడ గ్రంథుల్లో, పేగుల్లో కనబడుతుంది గానీ, మనిషి రకం కూడా అక్కడికి వస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, క్షయకు మొదట వాడే నాలుగు మందుల్లో పిరజినమైడ్ అనేది బోవిస్ మీద పనిచేయదు. ఏ రకమో తెలియకుండానే వైద్యం నడుస్తుంది.

పాల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. కోహ్ అంత పెద్దాయన 1901లో లండన్ సభలో, పశువుల క్షయ మనిషికి పెద్దగా ప్రమాదం కాదని అన్నాడు. బ్రిటన్ ప్రభుత్వం నమ్మాలో వద్దో తెలియక ఒక కమిషన్ వేసింది. ఆ కమిషన్ పదేళ్లు పరీక్షలు చేసి, 1911లో, ప్రమాదమే అని తేల్చింది. అయినా అక్కడ పచ్చిపాలు తాగడం ఆగలేదు. 1930లలో ఆ దేశపు పాడి ఆవుల్లో దాదాపు నలభై శాతానికి క్షయ ఉండేది, ఏటా వేల మంది, ఎక్కువగా పిల్లలు, పాల వల్ల చనిపోయేవాళ్లు. పాలను 63 డిగ్రీల వేడిలో అరగంట, లేదా 72 డిగ్రీల్లో 15 సెకన్లు ఉంచితే ఈ సూక్ష్మజీవి చస్తుంది. డెయిరీల్లో చేసేది అదే. మన ఇళ్లలో పాలు పొంగేదాకా కాస్తాం, అంటే అంతకన్నా ఎక్కువే. మన నాయనమ్మలు ఏ కమిషన్ వేయకుండానే దేశాన్ని కాపాడారు.

ఒక్కచోట తప్ప. గుమ్మపాలు. పొదుగు కింద గిన్నె పెట్టి, వేడివేడిగా, నురగతో, "బలం బిడ్డా, తాగు" అని పిల్లల నోటికి అందిస్తారు. ప్రేమతోనే ఇస్తారు. సెలవులకు ఇంటికి పోయి వచ్చిన మా పిల్లలు కూడా అదే గొప్పగా చెబుతారు. ఆ వేడి పొయ్యి వేడి కాదు, పశువు ఒంటి వేడి. ఆ వేడిలోనే ఆ సూక్ష్మజీవి హాయిగా బతుకుతుంది. కాచిన పాలలో బలం పోదు. నాయనమ్మతో తగువు పెట్టుకోకండి, గిన్నె తీసుకుని పొయ్యి మీద పెట్టండి, అంతే. జున్నుపాలు కూడా అంతే, ఉడికించాకే నోట్లో పెట్టుకోవాలి.

ఇక అడవి సంగతి. 'అడవి జంతువుల వల్ల మన పశువులకు జబ్బులు' అని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. అటువైపు నుంచి అడవి అధికారులు 'తాండా పశువుల వల్ల అడవికి జబ్బులు' అంటారు. రెండు వైపులా వేలు చూపించడమే. క్షయ విషయంలో ఈ పేచీ ప్రపంచంలో ఇంతకుముందే జరిగింది. అది తెలుసుకుంటే మన పేచీ సగం తీరుతుంది. అందుకే కాసేపు బయటి దేశాలకు తీసుకెళ్తాను.

దక్షిణాఫ్రికాలో క్రూగర్ అని పెద్ద జాతీయ పార్కు ఉంది. దాని దక్షిణపు అంచున రైతుల ఆవులు మేసేవి. వాటి నుంచి క్షయ పార్కులోని అడవి బర్రెలకు పాకింది. 1990లో మొదట బర్రెల్లో పట్టుకున్నారు. ఆ బర్రెలను తిన్న సింహాలకు వచ్చింది. సింహం ఏ ఆవు దగ్గరికీ పోలేదు, తన ఆహారం తాను తిన్నది. ఇప్పుడు ఆ పార్కులో క్షయ పోగొట్టడం ఎవరి తరమూ కావడం లేదు.

ఇంగ్లండులో బ్యాడ్జర్ అని నేలలో బొరియలు తవ్వుకుని ఉండే, తెల్ల చారల మూతి జంతువు ఉంది. 1971లో ఒక చచ్చిన బ్యాడ్జర్‌లో క్షయ కనిపించింది. ఆవుల మందల నుంచే దానికి ఎక్కింది, ఇప్పుడది తిరిగి ఆవులకు ఇస్తోంది. రైతులు చంపాలన్నారు, జంతుప్రేమికులు వద్దన్నారు. 1998లో ప్రభుత్వం ఒక పెద్ద ప్రయోగం పెట్టింది. కొన్నిచోట్ల చంపి, కొన్నిచోట్ల చంపకుండా, ఆవుల్లో క్షయ ఎట్లా మారుతుందో లెక్కగట్టారు. దాదాపు పదకొండు వేల బ్యాడ్జర్లను చంపాక, చంపినచోట ఆవుల్లో క్షయ కొంత తగ్గింది, కానీ ఆ చుట్టుపక్కల పెరిగింది. ఎందుకు? చావగా మిగిలినవి చెదిరిపోయి, కొత్త కొత్త చోట్లకు తిరగడం మొదలుపెట్టాయి. తిరిగినచోటల్లా జబ్బు పంచాయి. చంపడం వల్ల చెప్పుకోదగ్గ మేలు లేదని ఆ శాస్త్రవేత్తల బృందం 2007లో రాసిచ్చింది. అయినా 2013 నుంచి మళ్లీ చంపడం మొదలుపెట్టి, ఇప్పటికి రెండు లక్షలకు పైగా చంపారు. అక్కడ ఆ వాదన ఇంకా తెగలేదు.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. అడవి జంతువులను చంపి క్షయను తగ్గించిన దేశం కూడా ఉంది, న్యూజిలాండ్. అక్కడ పాసమ్ అనే జంతువు ఈ జబ్బుకు అడ్డా అయింది. కానీ అది ఆ దేశపు జంతువే కాదు, బొచ్చు వ్యాపారం కోసం పందొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలారు. అది చెట్లనూ పక్షులనూ పాడుచేస్తోంది కాబట్టి వాళ్లు విషం పెట్టి తగ్గించారు. 1990ల మధ్యలో సుమారు పదిహేడు వందల మందల్లో ఉన్న జబ్బు కొన్ని పదుల మందలకు దిగింది. దాంతోపాటు ప్రతి మందకూ పరీక్షలు చేశారు, పశువులను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోలడం మీద ఆంక్షలు పెట్టారు. మన జింక మన అడవిలోనే పుట్టింది. దాన్ని పాసమ్ లెక్కలో పెట్టడానికి వీల్లేదు.

మన దేశానికి వద్దాం. 2023లో అచ్చయిన ఒక పరిశోధనలో, పశ్చిమ భారతంలోని ఒక అభయారణ్యంలో చుక్కల జింకల్లో, కృష్ణజింకలో, మధ్య భారతంలోని ఒక జాతీయ పార్కులో అడవిదున్నలో ఒరిగిస్ క్షయ కనిపించింది. ఇదే ఒరిగిస్ మన ఆవుల్లో కూడా ఉంది. కేరళ అడవుల్లో చనిపోయిన ఏనుగుల్లో అయితే ఏకంగా మనిషి రకం క్షయ దొరికింది. మనిషి దాకా పోనక్కర్లేదనుకున్న అడవిలోకి మనిషి జబ్బే పోయింది. ఇంటి దగ్గర కూడా అంతే. క్షయ ఉండి మందులు వాడని మనిషి కొట్టంలో ఉమ్మితే, అక్కడి పశువుకు అంటవచ్చు. కాబట్టి మందను కాపాడాలంటే ముందు కాపరికి పరీక్ష చేయించాలి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే పీహెచ్‌సీకి తీసుకుపోండి, సిగ్గుపడేది లేదు.

మన దేశపు పశువుల్లో క్షయ ఎంత ఉందో, ఎన్నో చోట్ల చేసిన పరీక్షలను ఒకచోట కలిపి 2018లో ఒక అంచనా వేశారు. నూటికి ఏడు పైచిలుకు, అంటే రెండు కోట్ల పశువులకు పైగా. ఇంగ్లండులో పరీక్షలో తేలిన ఆవును నరికేస్తారు, రైతుకు పరిహారం ఇస్తారు. ఇక్కడ అట్లా కుదరదు. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవును చంపకూడదు, చట్టం లేకపోయినా మన మనసు ఒప్పుకోదు. సరే, టీకా వేద్దామా? 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటుకు, బ్రూసెల్లా జబ్బుకు ఉచితంగా టీకాలు వేస్తున్నారు. అందులో క్షయ లేదు.

అడవి చట్టంలో కూడా టీకా మాట ఉంది, మీలో చాలామందికి తెలియకపోవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 33ఎ అనే సెక్షన్‌ను 1991లో చేర్చారు. అభయారణ్యం లోపల, దాని చుట్టూ ఐదు కిలోమీటర్లలో ఉన్న పశువులకు అంటువ్యాధుల టీకాలు వేయించే బాధ్యత చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. టీకా లేకుండా పశువును అభయారణ్యంలోకి తోలకూడదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం దగ్గర మన బంధువుల తాండాలు ఉన్నాయి. అక్కడ పొడ తూర్పు ఆవులను సాకేవాళ్లు ఎంతోమంది. వాళ్లు టీకా వాహనం ఎందుకు వచ్చిందని అడిగితే ఈ సెక్షన్ పేరు చెప్పండి, ఎందుకు రాలేదని అడగాలన్నా ఈ సెక్షన్ పేరే చెప్పండి. అది మన మీద ఆంక్ష మాత్రమే కాదు, అధికారి మీద బాధ్యత కూడా.

ఈ దారి పనిచేస్తుందనడానికి రుజువు ఉంది. ముసర వ్యాధి గుర్తుందా? మీకు గుర్తుండదు, మీ తాతను అడగండి, తాండాకు తాండా ఖాళీ అయిన మందల గురించి చెబుతాడు. అది ఆవులకూ వచ్చేది, అడవిదున్నలకూ వచ్చేది. అడవిదున్నను పట్టి ఎవరూ టీకా వేయలేదు. మందల్లోని పశువులకు వేస్తూ పోయారు. మంద శుభ్రమయ్యేసరికి అడవి కూడా శుభ్రమైంది. మన దేశం 2006లో ఆ జబ్బు లేని దేశమైంది, 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయింది.

క్షయకు ఆ సూది ఇంకా చేతికి రాలేదు. దీని వెనక ఒక వింత ఉంది. మీ భుజం మీద చిన్న మచ్చ ఉంది చూడండి, బీసీజీ టీకాది. ఆ టీకాను ఫ్రాన్సులోని లీల్ నగరంలో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు తయారుచేశారు. పొదుగువాపు ఉన్న ఒక ఆవు నుంచి తీసిన బోవిస్ సూక్ష్మజీవినే 1908 నుంచి పదమూడేళ్లపాటు, 230 సార్లు తిరిగి తిరిగి పెంచి, దాని పదును పోగొట్టారు. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. అంటే ఆవు దగ్గర నుంచి వచ్చిన టీకాతో మన పిల్లలను కాపాడుకుంటున్నాం, ఆవుకు మాత్రం వేయడం లేదు. కారణం ఉంది. టీకా వేసిన ఆవు, జబ్బున్న ఆవు, రెండూ పరీక్షలో ఒకేలా కనిపిస్తాయి. ఆ రెండింటినీ విడదీసే కొత్త పరీక్షల మీద పని నడుస్తోంది. ఇథియోపియాలో దూడలకు బీసీజీ వేసి చూస్తే మందలో జబ్బు పాకడం దాదాపు తొంభై శాతం తగ్గిందని 2024లో తేలింది. మనదాకా వస్తుంది. అప్పటివరకు చేతులు కట్టుకుని కూర్చోలేం.

మన ఇబ్రహీంపట్నం చుట్టూ చూడండి. మంచాల నుంచి అటు రాచకొండ గుట్టలు, అడవి పందులు, నెమళ్లు. యాచారం, కడ్తాల్ వైపు చిరుత లేగదూడలను ఎత్తుకుపోయిన సంగతి మీకు తెలుసు. సాగర్ రోడ్డు మీద సిటీకి పోతుంటే వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలిలో కృష్ణజింకలు. అడవి ఎక్కడో లేదు, మన మంద మేసే చోటే ఉంది. ఎండాకాలం ఒకే కుంటలో మన బర్రె, అడవి పంది, జింక నీళ్లు తాగుతాయి. కలిసేది అక్కడే. కుంట దగ్గరికి మందను తోలకుండా, తాండా దగ్గరే తొట్టిలో నీళ్లు పెడితే రెండు వైపులా మేలు. అడవి శాఖవాళ్లు జంతువుల కోసం సాసర్ పిట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్లు పోస్తారు. దగ్గరగా ఉంది కదా అని అందులోకి బర్రెలను దింపకండి.

చచ్చిన గొడ్డు సంగతి ఇంకా ముఖ్యం. ఊరి బయట పారేస్తాం. ఒకప్పుడు రాబందులు గంటల్లో ఊడ్చేసేవి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ నొప్పి మందు వల్ల, ఆ పశువులను తిన్న రాబందులు చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకం నిషేధించారు గానీ రాబందులు తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ కళేబరాన్ని తినేది ఊరకుక్క, అడవి పంది, ఒక్కోసారి చిరుత. క్రూగర్ సింహానికి జరిగింది గుర్తుంచుకోండి. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చండి. జేసీబీ ఉన్నవాడు మీ తాండాలోనే ఉంటాడు, పెళ్లికి పందిరి వేసినట్టే ఇదీ ఒక సాయం. చిరుత మీద కోపంతో కళేబరానికి మందు పూసేవాళ్లు ఉన్నారని వింటుంటాను. అది జైలుకు పోయే నేరం. చిరుత చంపిన దూడకు అడవి శాఖ పరిహారం ఇస్తుంది, కళేబరాన్ని కదపకుండా ఫొటో తీసి వెంటనే చెప్పాలి. రాత్రిపూట వేటకు పోయేవాళ్లు కూడా ఈ మీటింగులో ఉన్నారు, పేర్లు చెప్పను. స్పెయిన్‌లో అడవి పందే క్షయకు అడ్డా. కత్తితో కోసే చేతికి, పక్కన కూర్చుని చూసే పిల్లవాడికి అంటవచ్చు.

ఇప్పుడు అసలు పని. సీత్లా భవాని పండుగ, దాటుడు పండుగ. ఆషాఢంలో మంగళవారం నాడు తాండాలోని పశువులన్నింటినీ ఒకచోటికి తోలుకొచ్చి, గుగ్గిళ్లు చల్లి, దాటిస్తాం. గొడ్డూ గోదా, పిల్లాజెల్లా రోగం లేకుండా ఉండాలని మొక్కుతాం. ఏడాది మొత్తంలో ఒక్క పశువు కూడా తప్పిపోకుండా మంద అంతా ఒకేచోట ఉండేది ఆ ఒక్కరోజే. పశువైద్యుడు ఇంటింటికీ తిరిగితే పది రోజులు పట్టే పని, ఆరోజు పూటలో అవుతుంది.

క్షయ పరీక్ష ఎట్లా చేస్తారంటే, మెడ మీద వెంట్రుకలు గొరిగి, చర్మం మందం కొలిచి, ట్యూబర్‌క్యులిన్ అనే మందును చర్మంలోకి ఎక్కిస్తారు. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ దాన్ని తయారుచేస్తుంది. 72 గంటల తర్వాత మళ్లీ కొలుస్తారు. మందం నాలుగు మిల్లీమీటర్లు, అంతకు మించి పెరిగితే అనుమానం. మట్టిలో ఉండే వేరే సూక్ష్మజీవుల వల్ల కూడా వాపు రావచ్చు కాబట్టి, పక్షి రకం ట్యూబర్‌క్యులిన్‌ను కూడా పక్కనే ఎక్కించి పోల్చి చూస్తారు. మంగళవారం సూది వేస్తే శుక్రవారం చూడాలి. మంగళవారం అందరూ ఉంటారు. శుక్రవారమే పశువులు చెదిరిపోతాయి, ఎవరి పొలానికి వాళ్లు తోలేస్తారు. ఆ శుక్రవారాన్ని పట్టుకోవడమే యువజన సంఘం పని.

వాపు వచ్చిన పశువును ఏం చేయాలి? ఇక్కడే అందరూ నోరు మూసుకుంటారు. లక్ష రూపాయల బర్రె, అప్పు తీరలేదు. తెల్లారేసరికి సంతకు తోలేద్దామనిపిస్తుంది. తోలితే జబ్బు పోదు, ఇంకో తాండాకు పోతుంది, బహుశా మీ చెల్లెలిని ఇచ్చిన తాండాకే. ఆ పశువును చంపక్కర్లేదు. కొట్టం బయట, ఎండా గాలీ తగిలేచోట, విడిగా కట్టేయాలి. దాని తొట్టి దానికే. అందరికన్నా చివర పాలు పిండాలి, ఆ పాలు కేంద్రానికి పోయకూడదు. దూడను దాని కింద వదలకుండా, వేరే పాలు కాచి చల్లార్చి తాగించాలి. పేడను వెంటనే పొలంలో చల్లకుండా కుప్పవేసి మాగనివ్వాలి. రెండు పశువులే ఉన్న ఇంటికి ఇదంతా భారమని నాకు తెలుసు. పరీక్ష చేయించుకోమని చెప్పేవాళ్లు నష్టం సంగతి కూడా మాట్లాడాలి. లేకపోతే ఎవరూ పశువును చూపించరు, నేనైనా చూపించను. పాల డబ్బు పోయిన ఇంటికి ఎంత, ఎవరు ఇవ్వాలి అన్నది సర్కారును అడుగుదాం. అది వచ్చేదాకా తాండా పంచాయితీలో నాయక్ ముందు కూర్చుని, లీటరుకు ఒక రూపాయి పక్కన పెట్టగలమా అని మాట్లాడుకోవచ్చు. పేర్లు మాత్రం ఊరంతా చాటకండి. మనిషికి క్షయ వస్తే ఎట్లా గుట్టుగా చూసుకుంటామో పశువు యజమానిని కూడా అట్లాగే చూసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టారంటే వచ్చే ఏడు ఒక్క పశువు కూడా రాదు.

పశువైద్యశాలకు ఇవ్వాల్సిన అర్జీ రాసి తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. దగ్గుతున్న, బక్కచిక్కిన పశువు ఇప్పుడే ఉంటే ఆషాఢం దాకా ఆగకుండా 1962కు ఫోన్ చేయండి, సంచార వాహనం వస్తుంది. అర్జీలో మీ తాండా పేరు, పశువుల లెక్క రాయండి. ప్రతి తాండా నుంచి ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు పేర్లు ఇవ్వాలి. ఇంట్లో పాలు పిండేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి అమ్మాయిలు లేని జాబితా నేను తీసుకోను. పశువు చెవికి పసుపు పోగు మీద పన్నెండు అంకెలు ఉంటాయి, వాటిని ఫోనులో ఫొటో తీసి మంగళవారం ఒక పట్టీ తయారుచేయాలి, శుక్రవారం అదే పట్టీ పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. పోగు లేని పశువులను కూడా రాయండి, రంగు, కొమ్ము ఆనవాలు వేసి. భోజనాలకు పోయేముందు సంతకాలు చేయండి, ఆ తర్వాత మీరు దొరకరు.